ఒక్క మెయిల్ దగ్గరే కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చూడండి

మనం రోజూ ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం కదా, ఈరోజు మాత్రం డెస్క్‌టాప్ గురించి. "అన్నా, కంప్యూటర్‌లో మెయిల్ ఇప్పుడు ఎవరు చూస్తున్నారు, అంతా ఫోన్‌లోనే కదా" అంటారేమో. నిజమే. కానీ మీ మెమో స్కాన్ చేసే జిరాక్స్ షాపు, మీ ఫైలు కదలాల్సిన ఆఫీసు, మీ ఊరి స్కూలు ఇంకా డెస్క్‌టాప్ మీదే నడుస్తున్నాయి. ఏదో ఒకరోజు ఆ కంప్యూటర్ మొరాయిస్తుంది. అప్పుడు "నీకు ఫోన్లు బాగా తెలుసు కదా, ఇది కొంచెం చూడు" అని మిమ్మల్నే పిలుస్తారు. నన్ను అలాగే పిలిచారు. ఆ రోజు జరిగిందే ఈరోజు చెప్తాను.

మొన్న వానాకాలంలో చర్ల నుంచి ఒక అన్న ఫోన్ చేశాడు. చర్ల తెలియని వాళ్ళకి: భద్రాచలం దాటి గోదావరి వెంట పైకి వెళ్తే దుమ్ముగూడెం, ఆ తర్వాత చర్ల. అటుపక్క అడవి, ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. అన్నది అక్కడ జిరాక్స్, ఇంటర్నెట్ షాపు. అక్కడ నెట్ ఒక గంట ఉంటుంది, ఒక గంట ఉండదు. అందుకే అన్న మెయిల్స్ కోసం బ్రౌజర్ మీద ఆధారపడకుండా కంప్యూటర్‌లో మెయిల్ ప్రోగ్రాం వేసుకున్నాడు. నెట్ ఉన్నప్పుడు మెయిల్స్ అన్నీ దించేసుకుంటుంది, నెట్ పోయినా చదువుకోవచ్చు. తెలివైన పనే.

"తమ్ముడూ, ఒక మెయిల్ మీద నొక్కగానే స్క్రీన్ అంతా తెల్లగా అయిపోతోంది. నాలుగుసార్లు ఆపి మళ్ళీ వేశా, మళ్ళీ అదే" అన్నాడు.

"మిగతా మెయిల్స్ తెరుచుకుంటున్నాయా అన్నా?"

"అవన్నీ బాగానే వస్తున్నాయి. ఈ ఒక్కటే."

ఆ ఒక్క మెయిల్ ఎవరిదంటే, దగ్గర్లో ఒక గూడెం నుంచి వచ్చిన అమ్మాయిది. ఖమ్మంలో ఒక కాలేజీలో సీటు వచ్చింది. తనకంటూ మెయిల్ ఐడీ లేదు కాబట్టి షాపు ఐడీ ఇచ్చింది. కాలేజీ వాళ్ళు నింపాల్సిన ఫారాలు మెయిల్‌లో పంపారు. సంతకాలు పెట్టి సాయంత్రం 5 గంటల్లోపు తిరిగి పంపాలి. అన్న నాకు ఫోన్ చేసేసరికి రెండున్నర. కాలేజీ నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తట్లేదు. ఆ అమ్మాయి, వాళ్ళ నాయన షాపులోనే కూర్చుని ఉన్నారు. చీకటి పడితే ఊరికి ఆటో దొరకదు.

అన్న ఇంకో మాట అన్నాడు. "ఇక్కడ ఒక కుర్రాడు ఉన్నాడు, ఫార్మాట్ కొట్టేస్తే సరిపోద్ది అంటున్నాడు. కొట్టేయమంటావా?"

"ఆగన్నా! దేన్నీ ముట్టుకోవద్దు" అన్నాను. ఎందుకలా అన్నానో మీకు అర్థం కావాలంటే ముందు ఒక విషయం తెలియాలి.

మెయిల్ ప్రోగ్రాం రెండు పనులు చేస్తుంది. ఒకటి, మెయిల్‌ని తెచ్చి మన డిస్క్‌లో దాచిపెట్టడం. రెండు, దాన్ని స్క్రీన్ మీద గీసి చూపించడం. అక్షరాలు, రంగులు, టేబుళ్ళు, ఫోటోలు, అన్నీ అప్పటికప్పుడు గీయాలి. ఒక్క మెయిల్ దగ్గరే హ్యాంగ్ అవుతోందంటే చాలాసార్లు మొదటి పని బాగానే అయిపోయి ఉంటుంది. ఇరుక్కుపోయింది రెండో పనిలో. అంటే మెయిల్ పోలేదు. కంప్యూటర్ పాడవలేదు. గీయలేక ఆగిపోయింది, అంతే.

దీనికి మన తెలుగులోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరి గుర్తుందా? అప్పుడు మీలో చాలామంది స్కూల్లో ఉండి ఉంటారు. ఒక తెలుగు అక్షరం ప్రపంచం మొత్తం మీద ఐఫోన్లను పడేసింది. అది జ్ఞానంలో ఉండే "జ్ఞా". భయపడకండి, నేను ఇప్పుడు రాసిన మామూలు జ్ఞా వల్ల ఏమీ కాదు. అప్పుడు తిరిగిన దాంట్లో "ఞ"కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఇరికి ఉంది. "వీటిని కలపొద్దు" అని చెప్పే గుర్తు అన్నమాట. ఐఓఎస్ 11.2.5లో అక్షరాలు గీసే భాగం ఆ వరుసని చూసి తికమకపడి, మెమరీని పాడుచేసుకుని కూలిపోయేది. మెసేజెస్ తెరిస్తే అది పోయేది, వాట్సాప్ తెరిస్తే వాట్సాప్, మెయిల్ తెరిస్తే మెయిల్. నోటిఫికేషన్‌లో వస్తే కొన్నిసార్లు హోమ్ స్క్రీనే పడిపోయేది. మ్యాక్ కంప్యూటర్లలో కూడా అదే తప్పు ఉంది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది.

అంతకు ముందు, 2015 మే నెలలో కూడా ఇలాంటిదే ఒకటి వచ్చింది. కొన్ని అరబిక్ అక్షరాలున్న ఒక మెసేజ్ వస్తే ఐఫోన్‌లో మెసేజెస్ యాప్ తెరుచుకునేది కాదు. సరిచేసే అప్‌డేట్ వచ్చేదాకా ఆపిల్ చెప్పిన ఉపాయం ఏమిటో తెలుసా? సిరిని అడిగి ఆ మెసేజ్ చదివించుకోండి, సిరితోనే జవాబు పంపండి, తర్వాత యాప్ తెరుచుకుంటుంది అంది. చూశారా? చదివి వినిపించాలంటే ఆ అక్షరాలను గీయక్కర్లేదు. మెసేజ్ అలాగే ఉంది, తలుపు మాత్రం మార్చారు.

మనం కూడా చేయాల్సింది అదే. హ్యాంగ్ అయిన తలుపునే మళ్ళీ మళ్ళీ తట్టకూడదు. ఇంకో తలుపు వెతకాలి.

ఎంతవరకు వెళ్ళాలి, ఎప్పుడు ఏం చేయాలి అంటే, భద్రాచలం వాళ్ళకి చెప్పక్కర్లేదు. గోదావరి 43 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 43 రాగానే ఇల్లు ఖాళీ చేసి ఊరు వదిలి వెళ్ళిపోరు కదా. చూస్తారు, సర్దుకుంటారు. 53 దాటితేనే సంగతి వేరు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు మనం చూశాం. మెయిల్ హ్యాంగ్ అవడానికి కూడా అలాగే మూడు హెచ్చరికలు పెట్టుకుందాం. ఫార్మాట్ అనేది మూడో హెచ్చరిక కూడా దాటాక సంగతి.

ముందు ఒక చిన్న పరీక్ష. విండోస్‌లో "నాట్ రెస్పాండింగ్" అని వచ్చిందంటే ప్రోగ్రాం చచ్చిపోయిందని కాదు. సుమారు 5 సెకన్లు అది పలక్కపోతే విండోస్ అలా రాసి తెల్లగా చేస్తుంది. కాబట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మెయిల్ ప్రోగ్రాం పక్కన సీపీయూ ఎంత, డిస్క్ ఎంత అని చూడండి. డిస్క్ బాగా తిరుగుతోంది, మెమరీ అంకె మారుతోంది అంటే పని చేస్తోందని అర్థం. రెండు మూడు నిమిషాలు ఆగండి. నాలుగు కోర్ల ప్రాసెసర్‌లో సీపీయూ కదలకుండా 25 శాతం దగ్గరే నిలబడిపోతే, ఒక కోర్ పూర్తిగా ఒకే పనిలో గిరగిరా తిరుగుతోందన్నమాట. ఎంతసేపు ఆగినా అలాగే ఉంటే అప్పుడు ఎండ్ టాస్క్ కొట్టండి. పవర్ బటన్ మాత్రం నొక్కి పట్టుకోవద్దు, స్విచ్ పీకొద్దు. మెయిల్ రాసుకుంటున్న ఫైలు సగంలో తెగిపోతుంది.

ఇప్పుడు మొదటి హెచ్చరిక, 43 అడుగులు. ఇక్కడ మనం ఏదీ తీసేయం, గీయడం మాత్రం ఆపుతాం.

థండర్‌బర్డ్ వాడేవాళ్ళు ప్రోగ్రాం తెరవగానే, ఆ మెయిల్ మీద నొక్కకముందే, ఎఫ్ 8 కొట్టండి. మెయిల్ చూపించే భాగం మూసుకుపోతుంది, పైన జాబితా మాత్రం మిగులుతుంది. తర్వాత ఆల్ట్ నొక్కితే మెనూ వస్తుంది. వ్యూలోకి వెళ్ళి, మెసేజ్ బాడీ యాజ్ దగ్గర ప్లెయిన్ టెక్స్ట్ పెట్టండి. అదే వ్యూ మెనూలో డిస్‌ప్లే అటాచ్‌మెంట్స్ ఇన్‌లైన్ అని ఉంటుంది, దానికి టిక్ ఉంటే తీసేయండి. మొదటిది రంగులు, టేబుళ్ళు ఆపుతుంది, రెండోది ఫోటోలను మెయిల్ కిందే పరిచి చూపించడం ఆపుతుంది. ఇప్పుడు ఆ మెయిల్ తెరవండి. చాలాసార్లు ఇక్కడితోనే అయిపోతుంది.

అవుట్‌లుక్ పాత రకం వాడేవాళ్ళు కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని అవుట్‌లుక్ ఐకాన్ నొక్కండి. సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అడుగుతుంది, అవును అనండి. వ్యూలో రీడింగ్ పేన్‌ని ఆఫ్ చేయండి. మెయిల్స్ అన్నీ ప్లెయిన్ టెక్స్ట్‌లో చదివే సెట్టింగ్ ట్రస్ట్ సెంటర్‌లో, ఈమెయిల్ సెక్యూరిటీ కింద ఉంటుంది.

ఇక మీ అందరి చేతిలో ఉన్న తలుపు ఫోన్. అదే ఐడీతో ఫోన్‌లో లాగిన్ అయ్యి ఆ మెయిల్ అక్కడ తెరవండి. కావాల్సింది దించుకుని, మెయిల్‌ని వేరే ఫోల్డర్‌లోకి మార్చేయండి. కంప్యూటర్ ఐమ్యాప్ పద్ధతిలో ఉంటే, తర్వాత నెట్ కలిసినప్పుడు అక్కడ కూడా ఇన్‌బాక్స్ నుంచి పక్కకి పోతుంది.

చర్ల అన్నకి నేను మొదట చెప్పింది ఇదే. "అన్నా, ఫోన్‌లో చూడు" అన్నాను. చూశాడు. ఇన్‌బాక్స్ ఖాళీ! అప్పుడు అర్థమైంది, అన్న కంప్యూటర్‌లో ఉన్నది పాప్ పద్ధతి. ఐమ్యాప్‌లో అసలు మెయిల్ సర్వర్‌లో ఉంటుంది, కంప్యూటర్‌లో ఉండేది నకలు. పాప్‌లో మెయిల్‌ని కంప్యూటర్‌లోకి దించుకుంటుంది. సెట్టింగ్‌ని బట్టి సర్వర్ నుంచి తీసేస్తుంది కూడా. అంటే ఆ అమ్మాయి ఫారాలు ఈ భూమ్మీద అన్న దగ్గరున్న ఆ ఒక్క కంప్యూటర్‌లోనే ఉన్నాయి. పంపినవాళ్ళ సెంట్ ఫోల్డర్‌లో ఉంటాయి, కానీ వాళ్ళు ఫోన్ ఎత్తితే కదా!

"డి డ్రైవ్‌లో ఏమీ పోదు, సి ఒక్కటే కొడదాం" అని పక్కనుంచి ఆ కుర్రాడు అంటున్నాడు. ఇది చాలామంది నమ్మే మాట. జాగ్రత్తగా వినండి. మనం ఫోటోలు, సినిమాలు డిలో పెట్టుకుంటాం. మెయిల్స్ మనం పెట్టుకునేవి కావు, ప్రోగ్రామే పెట్టుకుంటుంది. అది మామూలుగా సి డ్రైవ్‌లో, కనపడకుండా దాచిన ఫోల్డర్‌లో పెడుతుంది. ఆ రోజు సి కొట్టి ఉంటే అమ్మాయి మెయిల్‌తో పాటు అన్న రెండేళ్ళ మెయిల్స్ మొత్తం పోయేవి.

రెండో హెచ్చరిక, 48 అడుగులు. మొదటివి ఏవీ పనిచేయకపోతే ఇక్కడికి రండి. ఇక్కడ ముందు బ్యాకప్, తర్వాతే రిపేర్. థండర్‌బర్డ్‌లో హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ అని ఉంటుంది, దాని పక్కనే తెరిచే బటన్. ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూసుకుని, ప్రోగ్రాం మూసేసి, ఫోల్డర్ మొత్తం పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేయండి.

తర్వాత షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని థండర్‌బర్డ్ తెరిస్తే ట్రబుల్‌షూట్ మోడ్‌లో వస్తుంది. అందులో యాడ్-ఆన్‌లు పనిచేయవు. అప్పుడు మెయిల్ తెరుచుకుంటే తప్పు ఏదో యాడ్-ఆన్‌ది, ఒక్కొక్కటీ తీసి చూడండి. అయినా తెరుచుకోకపోతే ఇన్‌బాక్స్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, రిపేర్ ఫోల్డర్.

ఆ బటన్ ఏం చేస్తుందో తెలుసుకుంటే భయం ఉండదు. మామూలుగా పాప్ ఇన్‌బాక్స్‌లోని మెయిల్స్ అన్నీ ఒకే పెద్ద ఫైలులో వరసగా ఉంటాయి. పక్కనే ఎమ్ఎస్ఎఫ్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏ మెయిల్ ఎక్కడ మొదలైందో చెప్పే విషయసూచిక అది. వానల్లో కరెంటు టక్కున పోయినప్పుడు ఆ సూచిక తప్పిపోతుంది. మీరు ఒక మెయిల్ నొక్కితే అది ఇంకో మెయిల్ మధ్యలోకి తీసుకెళ్తుంది. రిపేర్ అంటే పెద్ద ఫైలుని మొదటినుంచి చదివి సూచికని మళ్ళీ రాసుకోవడం. ఫైలు పెద్దదైతే సమయం పడుతుంది, మధ్యలో ఆపొద్దు.

ఇంకోటి, యాంటీవైరస్. ఒక్క మెయిల్ మీద అనుమానం వచ్చి అది ఫైలుని పట్టుకుని లోపల వేసిందనుకోండి, మెయిల్స్ అన్నీ ఒకే ఫైలులో ఉన్నాయి కాబట్టి ఇన్‌బాక్స్ మొత్తం మాయమవుతుంది. అలా జరిగితే యాంటీవైరస్ క్వారంటైన్ జాబితాలో ముందు వెతకండి.

మూడో హెచ్చరిక, 53 అడుగులు. కొత్త ప్రొఫైల్ పెట్టడం, అవుట్‌లుక్ అయితే స్కాన్‌పీఎస్‌టీ అనే రిపేర్ టూల్ నడపడం. ఇవి కూడా బ్యాకప్ చేతిలో ఉంటేనే. ప్రోగ్రాం తీసేసి మళ్ళీ వేసినా ఉపయోగం తక్కువ. థండర్‌బర్డ్ తీసేసినా ప్రొఫైల్ అక్కడే మిగులుతుంది, మళ్ళీ వేస్తే అదే పాత ఫోల్డర్, అదే హ్యాంగ్.

సరే, చర్లలో ఏమైందో చెప్తాను. ఫోన్ మధ్యలో రెండుసార్లు కట్ అయింది. మూడోసారి కలిసినప్పుడు అన్నతో మెయిల్ చూపించే భాగం మూయించాను, ప్లెయిన్ టెక్స్ట్ పెట్టించాను, ఫోటోల టిక్ తీయించాను. "ఇప్పుడు నొక్కన్నా" అన్నాను. ఒక్క క్షణం అటునుంచి మాట లేదు. మళ్ళీ కట్ అయిందేమో అనుకున్నా. "వచ్చింది తమ్ముడూ! కింద ఆరు ఫోటోలు కనపడుతున్నాయి" అన్నాడు.

ఆరు ఫోటోలు. అదీ సంగతి. పంపినవాళ్ళు ఫారాలని ఫోన్‌తో ఫోటో తీసి, ఆ ఫోటోలని మెయిల్ మధ్యలో అతికించారు. ఒక్కోటి 3 ఎంబీ. మూడే కదా అనుకోకండి. 12 మెగాపిక్సెల్ ఫోటోని స్క్రీన్ మీద గీయాలంటే విప్పాలి. 4000 ఇంటూ 3000, ఒక్కో చుక్కకి 4 బైట్లు. మొత్తం 48 ఎంబీ. ఆరు ఫోటోలకి దాదాపు 290 ఎంబీ. అన్న కంప్యూటర్ ర్యామ్ 4 జీబీ, అందులో సగానికి పైగా విండోసే తినేస్తుంది, పాత హార్డ్ డిస్క్. ఇక ఎలా గీస్తుంది పాపం!

ఫోటోలు డెస్క్‌టాప్ మీదకి సేవ్ చేసి, ప్రింట్ తీసి, నింపి, వాళ్ళ నాయనతో సంతకం పెట్టించారు. ఆ అమ్మాయి ఫోన్‌లోనే తన పేరుతో మెయిల్ ఐడీ చేయించాను. స్కాన్ యాప్‌తో ఆరు పేజీలూ ఒకే పీడీఎఫ్ చేసి తన ఐడీ నుంచే పంపింది. నాలుగున్నరకి "వెళ్ళింది" అని మెసేజ్ వచ్చింది. ఆటో దొరికిందా అని అడిగితే, ఇప్పుడే ఎక్కారు అన్నాడు అన్న.

మీకు మూడు పనులు చెప్తాను, ఈ వారంలోనే చేయండి. ఒకటి, మీ ఇంట్లో, మీ గూడెంలో ఎవరైనా షాపు వాళ్ళ మెయిల్ ఐడీ ఇస్తుంటే ఆపండి, వాళ్ళకి సొంతది చేసిపెట్టండి. పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే ఉండాలి. రెండు, కాగితాలు పంపేటప్పుడు ఫోటోలు అతికించకండి, ఒకే పీడీఎఫ్ చేసి అటాచ్ చేయండి. జీమెయిల్‌లో 25 ఎంబీ దాకా పంపొచ్చు అంటారు కానీ, మెయిల్‌లో వెళ్ళేటప్పుడు ఫైలు సుమారు మూడో వంతు పెరుగుతుంది. 3 బైట్లని 4 అక్షరాలుగా మార్చి పంపుతారు కాబట్టి 18 ఎంబీ కాస్తా 24 అవుతుంది. మూడు, మీకు తెలిసిన షాపులోనో స్కూల్లోనో మెయిల్ ప్రోగ్రాం ఉంటే అది పాపా, ఐమ్యాపా అడగండి. పాప్ అయితే సర్వర్‌లో నకలు ఉంచే టిక్ పెట్టించండి.

ఇంకో మాట. 2018లో ఆ జ్ఞాని సరదాకి ఫ్రెండ్స్‌కి పంపి నవ్వుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇప్పటికీ "ఇది పంపితే ఫోన్ హ్యాంగ్ అవుద్ది" అని వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. పంపొద్దు. అవతల ఎవరు, ఏ ఫారం కోసం ఎదురు చూస్తున్నారో మనకి తెలియదు.

చర్ల అన్న షాపులో ఆ మెయిల్ ఇంకా అలాగే ఉందట, తీసేయమంటే భయమేస్తోంది అంటున్నాడు. వచ్చే వారం అటు వెళ్తున్నా, బ్యాకప్ తీసి నేనే ఆ పని చేసొస్తా. మీ దగ్గర ఇలాంటిదేదైనా ఇరుక్కుపోతే, ఫార్మాట్ కొట్టకముందు నాకు రాయండి.